మూడో ప్రకటన

"చాలక్కా, ఇంక చదవబాక" అన్నాను.

ఎలిశబెతక్క వినలేదు. కళ్ళద్దాలు ముక్కు మీదికి దించుకుని, పత్రికను కిటికీ వెలుతురుకు పట్టి, ఆ ముక్కే మూడోసారి చదివింది. భర్త పోయినప్పటి నుంచి నా ఇంట్లోనే ఉంటున్న తోడబుట్టింది. ఇరవై ఏళ్ళు బైబిలు స్త్రీగా పల్లెపల్లెకూ తిరిగి వాక్యం వినిపించిన గొంతు. ఆ గొంతుకు మెల్లగా చదవడం రాదు.

"'కోట. నిన్న ఆదివారం ఉదయం స్థానిక చర్చిలో కట్టెల వర్తకుని కుమార్తె వివాహమును గూర్చి మూడవ ప్రకటన చదివిన సమయమున, ఒకరు లేచి అభ్యంతరము తెలిపినందున వివాహము నిలిచిపోయినది. సంఘస్థులు విచారము వెలిబుచ్చిరి.'"

పత్రిక మడిచి ఒళ్ళో వేసుకుంది.

"నిన్న ఆదివారమంట! ఇయ్యాల శనివారం గదరా సమాధానం. ఆదివారం రేపు గదా!"

"నాకు తెలీదా?"

"మరి నిన్న లేచింది ఎవురు?"

'తీరవార్త' నెల్లూరు నుంచి సోమవారం మధ్యాహ్నం బస్సుకు రావలసిన వారపత్రిక. సోమవారం దీపావళి. ప్రెస్సువాళ్ళు పండగకు ఊళ్ళకు పోవాలని రెండు రోజులు ముందే అచ్చు వేసి పంపేశారు. సోమవారం చదవవలసిన కబురు శనివారం పన్నెండు గంటలకే ఊళ్ళో దిగింది.

మా గుళ్ళో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు పేర్లు చదివి అభ్యంతరాలు అడుగుతారు; రేపు మా అమ్మాయికి మూడోది. మా కోట ఊళ్ళో కట్టెల వర్తకులు ముగ్గురు. అందులో చర్చికి పోయేవాణ్ణి నేనొక్కణ్ణే. పేరు రాయకపోయినా లెక్క తిన్నగా నా గుమ్మం ముందుకే వచ్చి ఆగుతుంది. ఊరికి వచ్చేవి ఆరు కాపీలు. ఒకటి పఠన మందిరానికి, ఒకటి సోడా అంగడికి, ఒకటి బ్లాకు ఆఫీసుకు. ఒక్కో కాపీ చుట్టూ పదిమంది. ఒంటిగంటకల్లా ఊళ్ళో చదువొచ్చినవాళ్ళందరూ చదివేశారు. రానివాళ్ళు చదివించుకున్నారు.

నా భార్య రెబెక్కమ్మ నడవలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. అక్క మూడుసార్లు చదివినా తల ఎత్తలేదు. ఒక్కో గింజా తీసి చేటలో వేస్తోంది.

మా ఒక్కగానొక్క కూతురు కరుణాకుమారి తలుపుకు ఆనుకుని నిలబడింది. ఆడపిల్లల బడిలో పంతులమ్మ. శనివారం ఒంటిపూట బడి. పత్రికలో ఉన్న కబురు ఆమెకు దారిలోనే ఎదురైంది.

"దారిలో ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని అడిగాను.

"అనలేదు నాయనా. రోజూ పలకరించేవాళ్ళు కూడా పలకరించలేదు, అంతే."

అక్క అందుకుంది. "రేపు లేస్తారనేది ముందే తెలిసినోడు ఊళ్ళో ఉండాడు. వాడు ఎవురో చూడు ముందు. ఒరే, పెళ్ళికొడుకు గుళ్ళో కూడా ప్రకటన చదవాల గదా? తడలో చదువుతుండారా?"

"తడ గుడి పైకప్పు విప్పి ఉండారంట. జకరయ్య గారు చెప్పినారు. అబ్బాయి తండ్రే మన గుళ్ళో చదివితే చాలన్నారు."

"పైకప్పు లేకపోతే నోరు కూడా ఉండదా?"

నేను చెప్పులు తొడుక్కున్నాను.

పఠన మందిరం తలుపుకు ఒక డాల్డా డబ్బా మేకుతో కొట్టి ఉంటుంది. మూతకు సన్నని చీలిక. ఊళ్ళో ఎవరింట్లో ఏం జరిగినా ఒక ముక్క రాసి అందులో వెయ్యవచ్చు. పద్మనాభయ్య వాటిని తీసి, భాష సరిచేసి, పత్రికకు పంపుతాడు. రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాయడం ఆయన వృత్తి. కోట విలేఖరిగా ఉండటం ఆయన గౌరవం.

నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"రండి సమాధానం గారూ. వస్తారనే అనుకుంటా ఉండా."

"రాక ఏం చేస్తాను? రేపు నా ఇంట్లో జరగబోయేది మీకు ముందే తెలిసిందంట గదా. పై ఆదివారం సంగతి కూడా చెప్పండి, ఒకేసారి విని పోతా."

"దీపావళి నా కొంప ముంచింది" అన్నాడాయన, కుర్చీ నా వైపు తోస్తూ. "కూర్చోండి. దాచేదేముంది? గురువారం తెల్లారి డబ్బా విప్పుతా. పొద్దున బస్సు కండక్టరు చేతికి కవరు ఇస్తా. ఆదివారం జరిగేది గురువారమే రాసి పంపకపోతే, అది అవతలి సోమవారానికి గాని అచ్చు కాదు. అప్పటికి పెళ్ళిభోజనం కూడా అరిగిపోతుంది. అందుకని జరగబోయేది జరిగినట్టే రాస్తా. మామూలుగా జరుగుతుంది కూడా."

"మామూలుగా!"

ఆయన తల దించుకున్నాడు. కిందటేడు బ్లాకు వాళ్ళ బావి ప్రారంభోత్సవం ఊళ్ళో ఎవరూ మరచిపోలేదు. పెద్ద ఆఫీసరు వచ్చి, రిబ్బను కత్తిరించి, బావినీళ్ళు తాగి, 'కొబ్బరినీళ్ళ వలె ఉన్నవి' అని మెచ్చుకున్నట్టు పత్రికలో వచ్చింది. ఆఫీసరు జీపు వానకు దారిలోనే దిగబడిపోయింది. బావిలో అప్పటికి నీళ్ళు కూడా పడలేదు.

"నీళ్ళు తియ్యగా ఉన్నాయని రాస్తే ఎవరికీ నష్టం లేదు పద్మనాభయ్య గారూ. ఇది ఆడపిల్ల సంగతి. ఎవరు చెప్పినారు మీకు?"

"ఎవరూ చెప్పలేదు. డబ్బాలో ఉండింది."

"చూపించండి."

"విలేఖరి చీటీలు చూపించకూడదు."

"వర్తకుడు కూడా ఉట్టి మాట మీద కదలకూడదు."

 ఆయన సొరుగు లాగి, ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. చేత్తో ముట్టుకోకముందే గుర్తుపట్టాను. గులాబీరంగు కాగితం. పైన అచ్చులో నలభై ఏడు అంకె. నా కట్టెల అడితి పడవ చీటీ.

కాలవ రేవు నుంచి నా సర్వి, అదే సరుగుడు, కట్టెలు మద్రాసుకు పడవల మీద పోతాయి. ఏ పడవలో ఎన్ని మోపులు వేశామో ఒక చీటీ రాసి పడవ సరంగు చేతికి ఇస్తాం. చించిన చోట మొదలు మా పుస్తకంలో ఉండిపోతుంది. నా చీటీలు కనిపెట్టడానికి సులువుగా ఉండాలని నేనే గులాబీరంగు వేయించాను. ఈ జిల్లాలో ఆ రంగు చీటీ మరెవరికీ లేదు.

దాని మీద పెన్సిలుతో ఒత్తి ఒత్తి, ఎవరి రాతో పోల్చుకోలేనట్టు అచ్చక్షరాల్లో రాసి ఉంది: 'వచ్చే ఆదివారం మూడో ప్రకటనకు ఒకరు లేచి అభ్యంతరం చెప్తారు. తప్పకుండా చెప్తారు. పేపరులో వెయ్యండి.'

"మీ కాగితమే గదా" అన్నాడు పద్మనాభయ్య. "మీ ఇంటి నుంచే వచ్చిందనుకున్నా. ఇష్టం లేని సంబంధం మర్యాదగా వదిలించుకోడానికి మీరే పన్నిన పన్నాగమేమో అనుకున్నా. ఎంతైనా వ్యాపారస్తులు గదా మీరు!"

ఆ మాటకు కోపం రావలసింది. రాలేదు. 'తప్పకుండా చెప్తారు' అన్న ముక్క దగ్గరే నా కళ్ళు ఆగిపోయాయి. పగతో రాసేవాడు అంత గట్టిగా మాట ఇవ్వడు.

అభ్యంతరం ఏమిటో చీటీలో లేదు. కాని నాకు తెలుసు.

మూడు నెలల కిందట రేవులో పడవ నింపుతుండగా సరంగు హజరత్తయ్య నా చెవిలో వేశాడు. జకరయ్య గారి కొడుకు అబ్రహాముకు ఇంతకు ముందే తడలో ఒక పిల్లతో పెళ్ళి కుదిరింది. పిల్ల పేరు ఆనందకుమారి. తల్లి లేదు. గుళ్ళో రెండు ఆదివారాలు ప్రకటన చదివారు. మూడో ఆదివారానికి పెళ్ళికొడుకు వాళ్ళు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పలేదు. రెండుసార్లు పేరు చదివించుకుని ఆగిపోయిన పిల్లలో ఏదో లోపం ఉందని జనం తీర్మానించారు. ఆ తర్వాత ఆ పిల్లను అడిగినవాడు లేడు.

నేను ఆ వారమే తడ పోయి జకరయ్య గారితో మాట్లాడాను. తృప్తిగానే తిరిగి వచ్చాను. ఇంట్లో చెప్పలేదు. పడవ నింపేటప్పుడు పుచ్చుపట్టిన నాలుగు ముక్కలు అడుగున పడతాయి, మంచివి పైన పేరుస్తాం. నాకూ తెలుసు, మద్రాసులో దించుకునేవాడికీ తెలుసు. దానికోసం పడవ వెనక్కి తిప్పేవాడు లేడు. పిల్లవాడు ఓవర్సీరు. ఇల్లు మంచిది. తండ్రికి తడ చుట్టుపక్కల ఎనిమిది సర్వితోపులు. వద్దనుకున్న పిల్లను పెళ్ళికి ముందే వద్దనుకున్నాడు, తర్వాత కాదు. ఇలా లెక్క వేసుకుని ఆ సంగతి మూసేశాను.

ఇప్పుడు ఎవరో దాని మూత తీశారు. తీసినవాళ్ళు నా ఇంట్లో ఉన్నారు.

ఇంటికి తిరిగి వచ్చి, పక్కనే ఉన్న అడితిలో చీటీ పుస్తకం తెరిచాను. నలభై ఆరు, బుధవారం పొద్దున, హజరత్తయ్య పడవకు. రాత రెబెక్కమ్మది. నేను తోపుల్లో ఉన్న రోజుల్లో అడితిలో కూర్చునేది ఆమే. నలభై ఎనిమిది, గురువారం, నా రాత. మధ్యలో నలభై ఏడు మొదలుతో సహా లేదు.

బుధవారం పొద్దున రెబెక్కమ్మ కూర్చుంది. మధ్యాహ్నం ఆమె వంటకు లేచాక అక్క కూర్చుంది. రెబెక్కమ్మ పెళ్ళయిన ఇరవై అయిదేళ్ళలో పడవ చీటీ తప్ప మరో ముక్క రాసి ఎరగదు. పదిమందిలో నోరు తెరిచి ఎరగదు. అక్కకు ఈ సంబంధం మొదటి నుంచీ గిట్టలేదు. తన మరిది కొడుక్కి చేసుకోవాలని ఆమె ఆశ. లెక్క తేలిపోయింది.

"అక్కా" అన్నాను నడవలోకి వచ్చి. "బుధవారం మధ్యాహ్నం అడితిలో కూర్చుని ఏం రాసినావు?"

"ప్రార్థన చీటీ రాసుకున్నా. ఏం?"

"గులాబీరంగు కాగితం మీదా?"

పుస్తకం ముందు పడేశాను. డబ్బాలో దొరికిన చీటీ సంగతి చెప్పాను. ఆమె పుస్తకం వైపు చూడనే లేదు. నా వైపే చూసింది.

"నేననుకుంటుండావా?"

"నువ్వు గాక ఇంకెవురు? మీ మరిది కొడుకును కాదన్నానని కడుపులో పెట్టుకుని ఉండావు. ఆ కక్ష బిడ్డ మీద తీర్చుకుంటావా?"

"ఒరే సమాధానం! నాకు అభ్యంతరం ఉంటే గుళ్ళో నడిమధ్యన లేచి, అయ్యగారి మొహం మీదే చెప్తా. నూనె డబ్బాలో దొంగచీటీ వేసే రకాన్నా నేను? నా గొంతు సంగతి నీకు తెలీదా?"

"తెలుసు. అందుకే ఈసారి గొంతు దాచినావేమో అంటుండా."

అక్క ముఖం పాలిపోయింది. "నువ్వు తూకానికి కూర్చుంటే మనిషి కనపడడురా నీకు. ఎవురు ఎప్పుడు కూర్చున్నారు, ఎవురికి ఏం లాభం, అంతే. రేపు గుడి అయినాక మా మరిది ఇంటికి పోతా. నువ్వు బండి కట్టించనక్కర్లే. నడిచి పోతా."

"అత్తా, ఆగు" అంది కరుణ.

తలుపు దగ్గర నుంచి ముందుకు వచ్చింది. బడిలో అల్లరి చేసే పిల్లల ముందు నిలబడేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది.

"పొద్దుట్నించి అందరూ ఎవురు రాసినారు, ఎవురు రాసినారు అని అడుగుతుండారు. అభ్యంతరం ఏందో ఒక్కరూ అడగరే? ఏంది నాయనా అభ్యంతరం?"

 చింతపండు గింజలు తీస్తున్న రెబెక్కమ్మ చెయ్యి ఆగింది.

"ఏముంటుంది?" అన్నాను. "ఏమీ లేదు. కళ్ళమంట, అంతే."

"నీకేమీ తెలీదు గదా?"

"ఏమీ తెలీదు తల్లీ."

కరుణ నన్ను ఒక క్షణం చూసి, సరే అన్నట్టు తల ఊపి లోపలికి పోయింది. అక్క గుడ్డలు సర్దుకోవడానికి పోయింది. రెబెక్కమ్మ తల ఎత్తింది. పన్నెండు గంటల నుంచి మొదటిసారి నా ముఖం కేసి చూసింది. తర్వాత చేట పక్కకు పెట్టి, చీరకొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చెయ్యే మళ్ళీ మళ్ళీ తుడిచింది.

"ఎలిశబెతక్కను బతిమాలి ఉండమనండి" అంది. "ఆమె రాయలేదు. నేను రాసినా."

నేను నమ్మలేదు. "నువ్వా?"

"పెన్సిలు ఆడనే ఉండింది."

"నీకేం తెలుసని?"

"బుధవారం హజరత్తయ్య చీటీ కోసం వచ్చినాడు. చీటీ రాసిచ్చినా. తీసుకుని పోతా పోతా అడిగినాడు. 'అమ్మా, ఆ తడ పిల్ల సంగతి అయ్యకు చెప్పి మూడు నెల్లాయె. అది తీర్మానమైనాకనే గదా పెళ్ళి పెట్టుకున్నారు?' అన్నాడు. మనింట్లో అందరికీ తెలుసనుకున్నాడు పాపం. నేను కూడా తెలిసినట్టే తల ఊపినా. తర్వాత కొంచెం కొంచెంగా అంతా చెప్పించుకున్నా."

"నన్నడగొచ్చు గదా!"

"బుధవారం రాత్రి అన్నం పెట్టేటప్పుడు అడిగినా. 'తడ వాళ్ళ గురించి మనకు తెలీనిది ఏమైనా ఉందా' అని. మీరు ఏం చెప్పినారు?"

నాకు గుర్తుంది. పులుసు పోసుకుంటూ, 'నాకు తెలీకుండా ఏముంటుంది' అన్నాను.

"మరి పత్రికకెందుకు? నాలుగు గోడల మధ్య తేల్చుకునేది ఊరి నోట్లో ఎందుకు పడేసినావు?"

రెబెక్కమ్మ పక్కనున్న చేటలో గింజలు ఒక మూలకు నెట్టింది. 

"రేపు గుళ్ళో లేవాలనుకున్నా" అంది. "నేనేమన్నా పదిమందిలో లేచిన మనిషినా? తీరా ఆ పూటకు లేవలేక కూర్చుండిపోతానని నాకు తెలుసు. పద్మనాభయ్య ముందే రాసి పంపుతాడని ఊరందరికీ తెలిసిందే గదా. పేపరులో పడిపోతే, ఇంక లేవకుండా ఉండలేను గదా అని రాసినా. అది సోమవారం రావాల్సిన కాయితం. ముందే వస్తుందని నాకేం తెలుసు?"

ఇన్నేళ్ళ వర్తకంలో ఎన్నో కట్టుబాటు కాగితాలు చూశాను. మనిషి తనను తానే కట్టేసుకోవడానికి రాసిన కాగితం ఇదే మొదలు చూడటం.

"రెబెక్కా, ఇను" అన్నాను పక్కన కూర్చుని. "రెండు ప్రకటనలు పెళ్ళి కాదు. రేవులో నింపి మళ్ళీ దించేసిన కట్టె మద్రాసు చేరినట్టు కాదు గదా. ఆ పిల్లకు మెళ్ళో పుస్తె పళ్ళేదు. ఎవురికీ ఏ నష్టం..."

"ఆ పిల్ల గురించే నేను అంటుండా అనుకుంటుండారా?" అంది. "ఆ పిల్ల గురించి కూడా అనుకోవాల్సిందే. కాని నేను అడిగేది వేరే. ఆ పిల్లను ఎందుకు వదిలేసినారు? ఆ సంగతి మీకు తెలుసా?"

"జకరయ్య గారు చెప్పినారు. కుదరలేదంట."

"అంతేనా?"

"అంతే."

ఆమె నా కళ్ళలోకి చూసింది. తూకం రాయికి ఎదురు కట్టె పెట్టి ముల్లు ఎటు వాలుతుందో చూసేటప్పుడు నేను ఎలా చూస్తానో అలా చూసింది.

"బిడ్డ అడిగితే ఏమీ తెలీదన్నారు" అంది. "ఇప్పుడు కూడా అంతే అంటుండారు. సరే. రేపు నేను లేస్తా. లేదంటే మీరు లేవండి. ఇద్దరిలో ఒకరు లేవాల."

"నువ్వు లేస్తే పెళ్ళి ఆగిపోతుంది. బిడ్డను మళ్ళీ ఎవురు అడుగుతారు? ఆ తడ పిల్ల గతే మన పిల్లకు పడుతుంది. ఆలోచించినావా?"

"బుధవారం నుంచి ఇంకేం చేస్తుండాననుకున్నారు?"

లేచి చేట తీసుకుని వంటింట్లోకి పోయింది.  సాయంత్రం దీపం పెట్టింది, అన్నం పెట్టింది. అక్కను నేనే పోయి బతిమాలాను. క్షమించమన్నాను. ఎవరు రాశారో మాత్రం చెప్పలేదు. "రేపు గుడి అయినాక చూస్తాలే" అంది ఆమె.

నేను లెక్క మీద లెక్క వేస్తూ కూర్చున్నాను. రెబెక్కమ్మ ఏనాడూ పదిమందిలో లేచింది లేదు. కిందటేడు స్త్రీల కూటంలో సాక్ష్యం చెప్పమంటే చెమటలు పోసి, 'స్తోత్రం' అని కూర్చుంది. రేపు కూడా అంతే అవుతుంది. ఎవరూ లేవకపోతే పత్రిక అబద్ధమాడినట్టు. పద్మనాభయ్య బావినీళ్ళ కథల్లో ఇది రెండోది అవుతుంది. జనం నవ్వుకుంటారు. పెళ్ళి జరుగుతుంది. ఎంత తిప్పి కూడినా నాకు అనుకూలంగానే వచ్చింది.

ఆదివారం చినుకులు పడుతున్నాయి. అయినా చర్చి నిండిపోయింది. క్రిస్మసుకు తప్ప కనబడని ముఖాలు కూడా చాపల మీద కనబడ్డాయి. కిటికీల దగ్గర గొడుగుల కింద సంఘం బయటివాళ్ళు నిలబడ్డారు. పద్మనాభయ్య కూడా ఒక కిటికీ దగ్గర ఉన్నాడు. జరిగిందని తాను రాసింది జరుగుతుందో లేదో చూసుకోవడానికి వచ్చాడు.

ప్రకటన చదివే మూడు ఆదివారాలూ పెళ్ళికూతురు గుడికి రాకపోవడం మా సంఘంలో ఆనవాయితీ. కరుణ ఇంట్లోనే ఉంది. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో అక్క, ఆమె వెనక రెబెక్కమ్మ. మగవాళ్ళ వైపు నా పక్కనే జకరయ్య గారు. పొద్దున మొదటి బస్సుకే తడ నుంచి వచ్చారు. పత్రిక ఆయనకు కూడా అందింది. మడిచి జేబులో పెట్టుకుని ఉన్నారు.

"ఎవురు వాడు?" అని గొణిగారు, కీర్తన నడుస్తుండగా.

"ఎవురూ లేరు. అచ్చు తప్పు."

"అచ్చు తప్పైతే అక్షరం పోతుంది సమాధానం. మనిషి లేచి నిలబడడు."

కీర్తన అయిపోయింది. పాస్టరు అయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకుని కాగితం విప్పారు. 

"కోట సంఘ సభ్యులు సమాధానం గారి ఏకైక కుమార్తె కరుణాకుమారికిని, తడ వాస్తవ్యులు జకరయ్య గారి కుమారుడు అబ్రహాముకును వివాహము నిశ్చయమైనది. ఇది మూడవ ప్రకటన. వీరిని జతపరచకూడదనుటకు ఎవరికైనను న్యాయమైన అభ్యంతరము తెలిసియున్నయెడల, ఇప్పుడే తెలుపవలెను."

మామూలుగా ఆ మాట తర్వాత ఆయన ఊపిరి పీల్చుకుని కాగితం మడుస్తారు. ఈ రోజు మడవలేదు. ఆయన కూడా పత్రిక చదివినట్టున్నారు.

తలలన్నీ మెల్లగా తిరుగుతున్నాయి. ఎవరు, ఎవరు అని. పక్కవాణ్ణి పక్కవాడు చూసుకుంటున్నాడు. నేను మాత్రం ఒకే చోటికి చూస్తున్నాను.

రెబెక్కమ్మ తల వంచుకుని కూర్చునే ఉంది. నేను లోపల లెక్కపెట్టాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయ్యగారి వేళ్ళు కాగితం అంచు మీదికి వచ్చాయి. నా లెక్కే నిజమైందనుకున్నాను.

అప్పుడు ఆమె కుడిచెయ్యి చాప మీద ఆనింది. కొంగు తల మీదికి లాక్కుంది. ఒక మోకాలు నిలిపింది.   సగం లేచి, ఆగి, మళ్ళీ లేస్తోంది.

నేను లేచి నిలబడ్డాను.

ఆమెను కూర్చోబెట్టడానికే లేచాను. ఆ మాట దేవుడి ఎదుట ఒప్పుకుంటున్నాను. చెయ్యి ఊపాను, కూర్చో అని. ఆమె కూర్చోలేదు. ఒక చేత్తో మా అక్క భుజం పట్టుకుని పూర్తిగా లేచి నిలబడింది. అక్క వెనక్కి తిరిగి చూసి, ఆ చేతి మీద తన చెయ్యి వేసింది.

"సమాధానం గారూ" అన్నారు అయ్యగారు, తెల్లబోయి. "పెళ్ళికూతురి తల్లీ తండ్రీ మీరే లేచినారే! మీ ఇద్దరిలో ఎవరు మాట్లాడతారు?"

రెబెక్కమ్మ పెదవులు కదిలాయి. మాట రాలేదు. మళ్ళీ కదిలాయి. రాలేదు. ఇరవై అయిదేళ్ళలో నన్ను ఒక్కటీ కోరని మనిషి, అంతమంది మధ్య నిలబడి నా కేసే చూస్తోంది.

"నేను మాట్లాడతా" అన్నాను.  "అయ్యగారూ, తడ గుళ్ళో ఈ అబ్బాయికి ఇంతకు ముందు ఒక పిల్లతో రెండు ప్రకటనలు చదివినారు. పిల్ల పేరు ఆనందకుమారి. మూడోది ఎందుకు చదవలేదో జకరయ్య గారు సంఘం ముందర చెప్పాల. అదే మా అభ్యంతరం."

కిటికీల దగ్గర గుసగుస పుట్టి గుడంతా పాకింది. నా గుండె మీద నుంచి ఒక మోపు దించినట్టయింది. ఆ తేలిక అంతసేపే ఉంది.

నా పక్కన చాప చప్పుడైంది. జకరయ్య గారు తొందరేమీ లేకుండా లేచి, పంచె సవరించుకున్నారు.

"చెప్తా" అన్నారు. "చెప్పడానికి నాకేం భయం? కాని సమాధానం, ఆ సంగతి నేను నీకు మూడు నెల్ల కిందటే మా ఇంట్లో కూర్చోబెట్టి చెప్పినా గదా. ఎందుకు వదులుకున్నామో మొదట్నించీ చివరిదాకా చెప్పినా. నువ్వు అంతా విన్నావు. విని, మా ఎనిమిది తోపుల కేసి చూసి, ఆ కట్టె మీద ఒక బేరం మాట అడిగినావు. నేను సరే అన్నా."

గుడిలో అందరి వైపూ ఒకసారి చూసి, మళ్ళీ నా వైపు తిరిగారు.

"ఆ పిల్లను ఎందుకు వదిలినామో ముందు చెప్పమంటావా? నువ్వు అడిగిన మాట ముందు చెప్పమంటావా?"

 అయ్యగారి చేతిలో కాగితం ఇంకా విప్పే ఉంది.

రెబెక్కమ్మ కూర్చోలేదు.